గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2014–15 సీజన్

అప్పట్లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కేంద్రంగా ఉన్న గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు, అంతకుముందు ఏ స్థాయిలోనూ కోచ్‌గా పనిచేయని స్టీవ్ కెర్ ఆధ్వర్యంలో ఆడిన తొలి ఎన్‌బీఏ సీజన్ 2014–15. లీగ్ దశలోని 82 మ్యాచుల్లో 67 గెలిచి, 15 ఓడి, ఆ ఏడాది అన్ని జట్లకన్నా మెరుగైన రికార్డు సాధించింది. ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ కావలీర్స్‌ను 4–2 తేడాతో ఓడించి, 1975 తర్వాత నలభై ఏళ్లకు మళ్లీ టైటిల్ అందుకుంది. హెడ్ కోచ్‌గా తొలి సీజన్‌లోనే జట్టును విజేతగా నిలిపిన ఘనత 1982లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ కోచ్ పాట్ రైలీకి దక్కింది. ఆ తర్వాత దాన్ని అందుకున్న మొదటివాడు కెర్. కొత్త కోచ్ చేతిలో అన్ని విజయాలు కూడా అంతకుముందు ఎవరికీ దక్కలేదు. 2010–11లో షికాగో బుల్స్‌తో టామ్ తిబొడో సాధించిన 62 విజయాలే అప్పటిదాకా రికార్డు.

ఈ సీజన్‌ను ప్రత్యేకంగా చదవాల్సిన కారణం విజయాల సంఖ్య ఒక్కటే కాదు. ముందు ఏడాది 51 మ్యాచులు గెలిచి, ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టిన జట్టుకూ దీనికీ ఆటగాళ్ల జాబితాలో పెద్ద తేడా లేదు. మారింది బంతి ఎవరి చేతిలో ఎంతసేపు ఉంటుందన్నది. ఆ మార్పుకు పేరున్న ఆటగాళ్లు ఒప్పుకోవడం ఈ సీజన్‌లోని అసలు కథ.

నేపథ్యం

వారియర్స్ పాత జట్టు. 1946లో ఫిలడెల్ఫియాలో మొదలై, 1947లో లీగ్ మొట్టమొదటి విజేతగా నిలిచింది. 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోకు, 1971లో ఓక్లాండ్‌కు మారింది. 1975లో ఆల్ యాటిల్స్ శిక్షణలో, రిక్ బ్యారీ ఆటతో వాషింగ్టన్ బుల్లెట్స్‌ను 4–0తో చిత్తుచేసి టైటిల్ గెలిచింది. తర్వాత మంచి రోజులు కరువయ్యాయి. 1994–95 నుంచి 2011–12 దాకా పద్దెనిమిది సీజన్లలో ప్లేఆఫ్స్ ముఖం చూసింది ఒక్క 2007లోనే. అన్నేళ్లు ఓడుతున్నా వదలకుండా స్టేడియానికి వచ్చిన ఓక్లాండ్ అభిమానుల ఓర్పు గురించి అమెరికా క్రీడాలోకం ఇప్పటికీ గౌరవంగా మాట్లాడుతుంది.

2010లో జో లేకబ్, పీటర్ గూబర్ బృందం 45 కోట్ల డాలర్లకు జట్టును కొన్నది. 2012 మార్చిలో అభిమానులకు ప్రీతిపాత్రుడైన గార్డ్ మోంటా ఎలిస్‌ను వదులుకుని, చీలమండ విరిగి ఆడలేని స్థితిలో ఉన్న ఆస్ట్రేలియా సెంటర్ ఆండ్రూ బోగట్‌ను తెచ్చుకున్నారు. కొద్దిరోజులకే సొంత మైదానంలో మైకు పట్టుకున్న లేకబ్‌ను జనం గేలిచేసి మాట్లాడనివ్వలేదు. కానీ ఆ బేరంతోనే రెండు పనులు జరిగాయి. రింగు దగ్గర కాపలాకు ఏడడుగుల సెంటర్ దొరికాడు. ఎలిస్ వెళ్లిపోవడంతో బంతి పూర్తిగా స్టెఫెన్ కరీ చేతికి వచ్చింది.

జట్టు మూలస్తంభాలు కళాశాల బాస్కెట్‌బాల్ నుంచి డ్రాఫ్ట్‌లో ఎంచుకున్నవాళ్లే. కరీ 2009లో ఏడో ఎంపిక, క్లే థాంప్సన్ 2011లో పదకొండో ఎంపిక. 2012లో ఒకేసారి ముగ్గురు దొరికారు: హారిసన్ బార్న్స్ ఏడో స్థానంలో, ఫెస్టస్ ఎజెలీ ముప్పయ్యో స్థానంలో, డ్రేమండ్ గ్రీన్ 35వ స్థానంలో. చీలమండ గాయాలతో సతమతమవుతున్న కరీ 2012లో నాలుగేళ్లకు 4.4 కోట్ల డాలర్ల ఒప్పందానికి సంతకం చేశాడు. ఆ తర్వాత అతను ఎదిగిన తీరు చూస్తే ఆ మొత్తం చాలా తక్కువ. మిగిలిన డబ్బుతోనే మేనేజ్‌మెంట్ మిగతా జట్టును నిలబెట్టుకోగలిగింది.

మార్క్ జాక్సన్ నుంచి స్టీవ్ కెర్‌కు

కెర్‌కు ముందు మూడేళ్లు కోచ్‌గా ఉన్న మార్క్ జాక్సన్‌కు ఈ టైటిల్‌లో వాటా ఉంది. కెర్ కూడా ఆ మాట చాలాసార్లు చెప్పాడు. డిఫెన్స్ అంటే శ్రద్ధే లేని జట్టును జాక్సన్ లీగ్‌లోని మొదటి నాలుగైదు డిఫెన్సుల సరసకు చేర్చాడు; కరీ, థాంప్సన్‌లకు తమ మీద తమకు నమ్మకం కలిగించాడు. 23, 47, 51 – మూడేళ్లలో విజయాలు అలా పెరిగాయి. అయితే దాడిలో అతని పద్ధతి పాతది. ఎవరో ఒకరి చేతికి బంతి ఇచ్చి, ఎదుటివాణ్ని ఒంటరిగా గెలవమని మిగతా నలుగురు నిలబడి చూసేవారు. మ్యాచ్‌కు సగటు పాసుల లెక్కలో ఆ జట్టు లీగ్ అడుగున ఉండేది. దీనికి తోడు సహాయక కోచ్‌లతో, యాజమాన్యంతో పొసగలేదు. లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ చేతిలో ఏడు మ్యాచుల సిరీస్ ఓడిన కొద్ది రోజులకే, 2014 మే 6న జాక్సన్‌ను తొలగించారు.

వారం తిరిగేసరికి కెర్ పేరు బయటికొచ్చింది. ఐదేళ్లకు 2.5 కోట్ల డాలర్ల ఒప్పందం. అతని పాత గురువు ఫిల్ జాక్సన్ అప్పుడే న్యూయార్క్ నిక్స్ అధ్యక్షుడై కెర్‌ను రమ్మని పిలుస్తున్నాడు. ఆ పిలుపు కాదని కెర్ ఓక్లాండ్‌ను ఎంచుకున్నాడు.

కెర్ బీరూట్‌లో పుట్టాడు. తండ్రి మాల్కమ్ కెర్ పశ్చిమాసియా రాజకీయాలు చదివిన పండితుడు, బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు. 1984 జనవరిలో అక్కడే దుండగులు ఆయన్ను కాల్చి చంపారు. అప్పటికి స్టీవ్ అరిజోనా విశ్వవిద్యాలయంలో మొదటి ఏడు చదువుతున్నాడు. ఎన్‌బీఏ ఆటగాడిగా అతను తారాపథంలో ఎన్నడూ లేడు, కానీ ఐదు టైటిళ్లు గెలిచిన జట్లలో ఉన్నాడు: మూడు ఫిల్ జాక్సన్ దగ్గర షికాగోలో, రెండు గ్రెగ్ పోపోవిచ్ దగ్గర శాన్ ఆంటోనియోలో. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో మైకేల్ జోర్డన్ పాస్ అందుకుని టైటిల్ ఖాయం చేసే షాట్ వేసింది ఇతనే. మూడు పాయింట్ల షాట్లలో 45.4 శాతం అతని కెరీర్ సగటు. ఎన్‌బీఏ చరిత్రలో అదే అత్యధికం. రిటైరయ్యాక మూడేళ్లు ఫీనిక్స్ సన్స్ జనరల్ మేనేజర్‌గా, ఆ తర్వాత టీవీ వ్యాఖ్యాతగా పనిచేశాడు. బంతి తన దాకా రావాలంటే ముందు నలుగురి చేతులు మారాలని ఆటగాడిగా అనుభవంతో తెలిసినవాడు. కోచ్‌గా అతను కోరుకున్న ఆట అక్కడి నుంచే వచ్చిందని చెప్పవచ్చు.

2014 వేసవి

ఆ వేసవిలో జట్టు భవిష్యత్తును నిర్ణయించినది, జరగకుండా ఆగిపోయిన ఒక బేరం. తన ఫార్వర్డ్ కెవిన్ లవ్‌ను ఇస్తాం, థాంప్సన్‌ను ఇవ్వండి అంది మిన్నెసోటా జట్టు. అప్పటికి లవ్ పేరు పెద్దది. జట్టు సలహాదారు, పాతతరం దిగ్గజం జెర్రీ వెస్ట్ గట్టిగా అడ్డం పడ్డాడు; కెర్ కూడా ఒప్పుకోలేదు. లవ్ చివరికి క్లీవ్‌లాండ్ చేరాడు. అక్టోబరులో థాంప్సన్‌తో వారియర్స్ నాలుగేళ్లకు దాదాపు 7 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం రాసుకుంది.

కొత్తగా వచ్చినవాళ్లలో ముఖ్యుడు గార్డ్ షాన్ లివింగ్‌స్టన్. 2007లో అతని మోకాలు ఎంత ఘోరంగా దెబ్బతిన్నదంటే, కాలు తీసేయాల్సి రావచ్చని వైద్యులు హెచ్చరించారు. మళ్లీ నడక నేర్చుకుని, జట్టు జట్టుకూ తిరిగి, చివరికి ఇక్కడ కుదురుకున్నాడు. బ్రెజిల్ గార్డ్ లియాండ్రో బార్బోసా కూడా చేరాడు.

కెర్ తన చుట్టూ పెట్టుకున్న మనుషులను చూస్తే, తనకు తెలియనిది ఏమిటో తెలిసిన కోచ్ అని అర్థమవుతుంది. దాడి వ్యూహానికి అనుభవజ్ఞుడు ఆల్విన్ జెంట్రీ, డిఫెన్స్‌కు రాన్ ఆడమ్స్, వీరితో పాటు ల్యూక్ వాల్టన్, జారన్ కాలిన్స్, బ్రూస్ ఫ్రేజర్. ఆగస్టులో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సియాటిల్ సీహాక్స్ శిబిరానికి వెళ్లి, కోచ్ పీట్ కారల్ పనితీరు చూశాడు. జట్టు దేన్ని పట్టుకుని నడవాలో ముందు తేల్చుకోవాలన్నది అక్కడ దొరికిన పాఠం. కెర్ నాలుగు ఎంచుకున్నాడు: ఆనందం, ఎరుక, కరుణ, పోటీతత్వం. ఇవి గోడమీద రాతలుగా మిగిలిపోలేదు. వారియర్స్ సాధనలో సంగీతం మోగేది, ఆటగాళ్ల మధ్య షూటింగ్ పందేలు నడిచేవి.

ఆటలో మార్పు

కెర్ తెచ్చిన దాడి పద్ధతి ఒక్కచోటి నుంచి ఎత్తుకొచ్చింది కాదు. ఫిల్ జాక్సన్ త్రికోణ పద్ధతిలోని కదలిక, పోపోవిచ్ జట్టులోని పాసుల వేగం, జెంట్రీ ఫీనిక్స్‌లో నడిపిన పరుగు – మూడూ కలిశాయి. మ్యాచ్‌కు మూడు వందల పాసులు వేయాలని ఆటగాళ్ల ముందు ఒక అంకె పెట్టాడు. బంతి చేతిలో లేనప్పుడు కరీ, థాంప్సన్ నిలబడకుండా స్క్రీన్ల మధ్య, అంటే డిఫెండర్లకు అడ్డుగా నిలబడ్డ సహచరుల మధ్య, పరుగు తీస్తూనే ఉండాలి. వాళ్ల వెంట ఇద్దరేసి పరిగెత్తక తప్పని డిఫెన్స్‌లో ఎక్కడో ఒకచోట ఖాళీ పడుతుంది. ఆ ఖాళీలోకి బోగట్ లేదా గ్రీన్ పాస్ చేరాలి. సహచరుల షాట్లకు దారితీసిన పాసులు, అంటే అసిస్టులు, మ్యాచ్‌కు 23.3 నుంచి 27.4కు పెరిగి లీగ్‌లో మొదటి స్థానానికి చేరాయి. మ్యాచ్‌కు సగటున 110 పాయింట్లు కొట్టి అందులోనూ జట్టు ముందు నిలిచింది.

డిఫెన్స్‌లో జాక్సన్ వేసిన పునాదిని కెర్ కదిలించలేదు, ఆడమ్స్ దాన్ని మరింత బిగించాడు. స్క్రీన్ పడగానే కాపలాదారులు తమ మనుషులను మార్చుకునే స్విచింగ్ పద్ధతికి, ఇంచుమించు ఒకే ఎత్తున్న థాంప్సన్, లివింగ్‌స్టన్, ఆంద్రే ఇగ్వాడాలా, బార్న్స్, గ్రీన్ సరిగ్గా సరిపోయారు. ఆ ఏడు అత్యంత వేగంగా ఆడిన జట్టూ, డిఫెన్స్ సామర్థ్యంలో మొదటి స్థానం తెచ్చుకున్న జట్టూ ఒక్కటే. వేగంగా ఆడే జట్లకు డిఫెన్స్ ఉండదన్న పాత అభిప్రాయం దానితో బలహీనపడింది.

ఇక ఇగ్వాడాలా సంగతి. 2004 నుంచి అప్పటిదాకా ఆడిన 758 లీగ్ మ్యాచుల్లోనూ అతను మొదటి ఐదుగురిలో ఒకడిగానే దిగాడు. ఆల్ స్టార్ ఆటగాడు, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జట్టు సభ్యుడు. అలాంటివాణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టి, యువకుడు బార్న్స్‌ను ముందు దింపాలని కెర్ నిర్ణయించాడు. పదేళ్లుగా ఓపెనర్‌గా ఆడుతున్న బ్యాట్స్‌మన్‌ను ఏడో స్థానంలో దిగమన్నట్టే ఇది. రెండో వరస ఆటగాళ్లను నడిపే తెలివి ఇగ్వాడాలాకు ఉంది, బార్న్స్‌కు మాత్రం కరీ, థాంప్సన్‌ల పక్కన ఆడితేనే ధైర్యం వస్తుంది – కోచ్ లెక్క ఇది. ఇగ్వాడాలాకు నచ్చలేదు, అయినా ఒప్పుకున్నాడు. అతనే తలవంచాక జట్టులో మరెవరూ నిమిషాల గురించి నోరెత్తలేకపోయారు.

సీజన్‌కు ముందు ఆడిన చివరి సన్నాహక మ్యాచ్‌లో ఫార్వర్డ్ డేవిడ్ లీ తొడ కండరం పట్టేసింది. అతని చోట గ్రీన్ దిగాడు, మళ్లీ ఆ చోటు వదల్లేదు. పవర్ ఫార్వర్డ్‌కు పొట్టి అనిపించే గ్రీన్, సెంటర్ల దగ్గర్నుంచి గార్డ్‌ల దాకా ఎవరినైనా కాపలా కాయగలడు. రీబౌండ్ పట్టి తానే బంతి తీసుకుని పరుగెత్తగలడు. రెండేళ్ల కిందటే ఆల్ స్టార్‌గా ఆడిన లీ, జట్టులో అత్యధిక జీతం అందుకుంటూ బెంచ్‌కు పరిమితమయ్యాడు. సణుగుడు లేకుండా కుర్రాళ్లకు అండగా నిలిచాడు. ఈ సీజన్ గురించి రాసేవాళ్లు లీ పేరు రెండు ముక్కల్లో దాటేస్తుంటారు. అది న్యాయం కాదు.

లీగ్ దశ

అక్టోబరు 29న శాక్రమెంటోలో 95–77 విజయంతో సీజన్ మొదలైంది. కొత్త పద్ధతిలో తొలివారాల్లో బంతి చేజారడం ఎక్కువగా ఉండేది. నవంబరులో ఫీనిక్స్, శాన్ ఆంటోనియోల చేతిలో వరసగా ఓడి 5–2 వద్ద నిలిచిన జట్టు, తర్వాత పదహారు మ్యాచులు వరసగా గెలిచి 21–2కు చేరింది. డిసెంబరు 16న మెంఫిస్‌లో ఆ పరుగు ఆగింది.

2015 జనవరి 23న శాక్రమెంటోతో ఓక్లాండ్‌లో జరిగిన మ్యాచ్‌లో మూడో క్వార్టర్ ఒక్కటే విడిగా చూడదగ్గది. పన్నెండు నిమిషాల ఆ క్వార్టర్‌లో థాంప్సన్ ఒక్కడే 37 పాయింట్లు కొట్టాడు. వేసిన పదమూడు షాట్లూ పడ్డాయి, వాటిలో తొమ్మిది మూడు పాయింట్లవి. రెండు ఫ్రీ త్రోలూ పడ్డాయి. అంతకుముందు ఒక క్వార్టర్‌లో 33 పాయింట్ల రికార్డు జార్జ్ గెర్విన్, కార్మెలో ఆంథొనీల పేరిట ఉండేది. ఆ నిమిషాల్లో సహచరులు ఏం చేశారో గమనించాలి: తమకు ఖాళీ దొరికినా వదిలి, బంతిని వెతికి వెతికి థాంప్సన్‌కే అందించారు.

జనవరి 27న షికాగో ఓవర్‌టైమ్‌లో గెలిచి సొంతగడ్డ మీద వరస విజయాలకు అడ్డుకట్ట వేసింది. సీజన్ మొత్తంలో సొంత మైదానం ఓరకిల్ ఎరీనాలో వారియర్స్ ఓడింది అదీ, నవంబరులో శాన్ ఆంటోనియోతో ఆడినదీ మాత్రమే: 39–2. పశ్చిమ విభాగంలో రెండో స్థానంలోని జట్టుకన్నా పదకొండు విజయాలు ఎక్కువతో లీగ్ దశ ముగించింది. సగటున మ్యాచ్‌కు పది పాయింట్ల తేడాతో గెలవడంతో చాలా రాత్రులు కరీ చివరి క్వార్టర్‌లో కూర్చునే ఉన్నాడు. అయినా 286 మూడు పాయింట్ల షాట్లతో తన పాత రికార్డు 272ను తానే చెరిపేశాడు, 23.8 పాయింట్లు, 7.7 అసిస్టుల సగటుతో, 130 మొదటి ఓట్లలో 100 సాధించి సీజన్ అత్యంత విలువైన ఆటగాడు అయ్యాడు. ఉత్తమ కోచ్ పురస్కారం మాత్రం 60 మ్యాచులు గెలిచిన అట్లాంటా కోచ్ మైక్ బుడెన్‌హోల్జర్‌కు వెళ్లింది. జనరల్ మేనేజర్ బాబ్ మైయర్స్‌కు ఉత్తమ ఎగ్జిక్యూటివ్ గుర్తింపు దక్కింది.

ప్లేఆఫ్స్

మొదటి రౌండ్‌లో న్యూ ఓర్లీన్స్‌పై 4–0 ఫలితం చూస్తే సులువుగా గెలిచారనిపిస్తుంది. కానీ మూడో మ్యాచ్‌లో చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి వారియర్స్ 20 పాయింట్లు వెనకబడి ఉంది. ఆఖరి సెకన్లలో కరీ షాట్ తప్పింది. మరీస్ స్పైట్స్ రీబౌండ్ లాగి మళ్లీ అతనికే ఇచ్చాడు. మూలన నిలబడి, మీద పడుతున్న ఇద్దరి మధ్య నుంచి కరీ కొట్టిన షాట్ స్కోరు సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో 123–119తో మ్యాచ్ గెలిచారు.

మెంఫిస్ దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. రింగు దగ్గర ఆడే బలిష్ఠులు, నెమ్మది ఆట, టోనీ ఆలెన్ కాపలా – మూడూ కలిసి వారియర్స్‌ను 1–2తో వెనక్కి నెట్టాయి. నాలుగో మ్యాచ్‌కు కోచ్‌లు ఒక విచిత్రమైన నిర్ణయం తీసుకున్నారు. సెంటర్ బోగట్‌ను ఆలెన్‌కు కాపలా పెట్టి, నిజానికి అతన్ని వదిలేయమన్నారు. దూరం నుంచి షాట్ వేయలేని ఆలెన్‌ను వేసుకోనిచ్చి, బోగట్ రింగు దగ్గరే నిలబడ్డాడు. మెంఫిస్ దాడికి దారి మూసుకుపోయింది; వారియర్స్ వరసగా మూడు గెలిచింది. పశ్చిమ విభాగం ఫైనల్లో జేమ్స్ హార్డెన్ నాయకత్వంలోని హ్యూస్టన్ రాకెట్స్‌ను 4–1తో దాటింది.

ఫైనల్స్

రెండు జట్ల కోచ్‌లూ ఎన్‌బీఏలో తొలి సీజన్ వాళ్లే కావడం 1947 తర్వాత అదే మొదటిసారి. క్లీవ్‌లాండ్ కోచ్ డేవిడ్ బ్లాట్ ఐరోపాలో ఎంతో గెలిచి వచ్చినవాడు. అతని జట్టులో లెబ్రాన్ జేమ్స్ ఉన్నాడు, కానీ భుజం గాయంతో లవ్ అప్పటికే దూరమయ్యాడు. మొదటి మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో కైరీ అర్వింగ్ మోకాలి చిప్ప విరిగింది. ఆ మ్యాచ్ వారియర్స్ 108–100తో గెలిచింది. రెండోదీ ఓవర్‌టైమ్‌కు వెళ్లి, 95–93తో క్లీవ్‌లాండ్ గెలిచింది. ఆ రాత్రి కరీ పదిహేను మూడు పాయింట్ల షాట్లలో పదమూడు తప్పాడు. మూడోది కూడా 96–91తో క్లీవ్‌లాండ్‌దే. ఆటను నెమ్మదింపజేసి, భారమంతా జేమ్స్ భుజాల మీద వేసుకున్న ఎదుటి జట్టు, వారియర్స్‌కు ప్రాణమైన పరుగును ఆపేసింది.

మార్పు ఆలోచన వచ్చింది వీడియోలు చూసే ఒక యువ సహాయకుడికి, నిక్ యురెన్‌కు. 2014 ఫైనల్స్‌లో శాన్ ఆంటోనియో బోరిస్ డియావ్‌ను మొదటి ఐదుగురిలోకి తెచ్చిన తీరు చూసి, బోగట్ బదులు ఇగ్వాడాలాను దింపితే బాగుంటుందనుకున్నాడు. అర్ధరాత్రి దాటాక ఆ మాట కెర్‌కు సందేశంగా చేరింది. మర్నాడు కెర్ ఒప్పుకున్నాడు. నాలుగో మ్యాచ్‌కు ముందు విలేకరులకు మాత్రం మార్పేమీ లేదనే చెప్పి, తర్వాత అబద్ధం చెప్పానని దాచకుండా అన్నాడు. ఏడడుగుల సెంటర్ లేకుండా ఆడితే రీబౌండ్లు పోతాయని భయం. ఆట మొదలవగానే 7–0తో వెనకబడ్డారు కూడా. కానీ ఐదుగురూ పరిగెత్తగల, పాస్ వేయగల, కాపలా మార్చుకోగల వాళ్లు కావడంతో మెల్లగా ఆట వేగం వారియర్స్ చేతికి వచ్చింది. క్లీవ్‌లాండ్ సెంటర్ టిమోఫే మోజ్‌గోవ్ 28 పాయింట్లు కొట్టినా ఫలితం 103–82.

ఐదో మ్యాచ్ 104–91. కరీ 37 పాయింట్లు. జూన్ 16 రాత్రి క్లీవ్‌లాండ్‌లో ఆరోది 105–97. మన దగ్గర అప్పటికి జూన్ 17 ఉదయం. ఫ్రీమాంట్, శాన్ హోసే, సన్నీవేల్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అది సొంత ప్రాంతపు జట్టు గెలుపు. జేమ్స్ సిరీస్ సగటు 35.8 పాయింట్లు, 13.3 రీబౌండ్లు, 8.8 అసిస్టులు; ఓడిన జట్టులో అంతకన్నా గొప్ప పోరాటం ఫైనల్స్‌లో అరుదు. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడిగా పదకొండు ఓట్లలో ఏడు ఇగ్వాడాలాకు, నాలుగు జేమ్స్‌కు పడ్డాయి. లీగ్ దశలో ఒక్కసారి కూడా మొదటి ఐదుగురిలో దిగనివాడు ఆ పురస్కారం అందుకోవడం చరిత్రలో మొదటిసారి.

అంచనా, తర్వాతి పరిణామాలు

ఈ టైటిల్‌కు ఎదుటి జట్ల గాయాలు కలిసొచ్చాయన్న వాదన ఉంది. లవ్, అర్వింగ్ ఆడివుంటే ఫైనల్స్ మరోలా ఉండేదనడంలో కొంత నిజం ఉంది. అయితే ఐదున్నర నెలల పాటు, 82 మ్యాచుల్లో చూపిన ఆధిక్యాన్ని గాయాల లెక్క వివరించలేదు. సెంటర్ లేని ఐదుగురి కూర్పు తర్వాత ‘డెత్ లైనప్’ పేరుతో ప్రసిద్ధమై, లీగ్‌లోని ఇతర జట్లు తమ పొడుగు ఆటగాళ్ల పాత్రను తిరిగి ఆలోచించుకునేలా చేసింది.

జెంట్రీ ఆ వేసవిలోనే న్యూ ఓర్లీన్స్ హెడ్ కోచ్‌గా వెళ్లాడు. వెన్ను శస్త్రచికిత్స వికటించి కెర్ తర్వాతి సీజన్ మొదట్లో కోచింగ్‌కు దూరమయ్యాడు. తాత్కాలిక కోచ్ వాల్టన్ చేతిలో జట్టు తొలి 24 మ్యాచులూ గెలిచింది. జనవరిలో కెర్ తిరిగి వచ్చేసరికి 39 గెలిచి, నాలుగు ఓడి ఉంది. 2015–16ను 73–9 రికార్డుతో ముగించి, ఫైనల్స్‌లో మళ్లీ క్లీవ్‌లాండ్‌నే ఎదుర్కొని ఈసారి 3–4తో ఓడింది. వాల్టన్ నడిపిన ఆ మ్యాచుల ఫలితాలు లీగ్ నిబంధనల ప్రకారం కెర్ ఖాతాలోనే నమోదయ్యాయి. ఆ ఏడు ఉత్తమ కోచ్ పురస్కారం కూడా అతనికే ఇచ్చారు.